వియత్నాం బస్సులో జేబురుమాలు

రంగారావ్,

నువ్వు పోయి ఏడాది కావస్తోంది. నీ యాత్రా పుస్తకం పట్టుకుని వియత్నాం వచ్చాను. నువ్వు రాసినట్టే ఒంటరిగా, బస్సుల మీదే తిరుగుతున్నాను.

నలభై ఏళ్లు కంకిపాడు నుంచి బెజవాడ ఆఫీసుకు కలిసి వెళ్లాం. రోజూ కిటికీలోంచి రుమాలు వేసి నీకు సీటు ఆపింది నేను. నువ్వు కిళ్లీ నములుతూ తీరిగ్గా వచ్చి, "ఏరా, కిటికీ పక్కది నాదేగా?" అనేవాడివి. రిటైరయ్యాక ఈ దేశం చూద్దామన్నదీ నేనే. నువ్వు మాటమాత్రం చెప్పకుండా వెళ్లొచ్చి పుస్తకం వేశావు. ఇక్కడి బస్సులో రుమాలు వేస్తే జనం నవ్వి సీటు వదిలారని రాశావు. ఆ పేజీ చదివితే పుస్తకావిష్కరణ సభలో చప్పట్లు మోగాయి.

ఈ ఉదయం నేనూ వేశాను. ఒక ముసలామె దాన్ని దులిపి, మడతపెట్టి, బస్సు దిగి వచ్చి రెండు చేతులతో నాకిచ్చింది. పారేసుకున్నాననుకుంది. ఈలోగా ఆమె సీట్లోనూ, నేను రుమాలు వేసిన పక్క సీట్లోనూ ఇంకెవరో కూర్చున్నారు. ఇద్దరం నిలబడే వచ్చాం.

ఊళ్లో నువ్వు దిగిన హోటలాయనకు పుస్తకం మీది నీ ఫొటో చూపించాను. గుర్తుపట్టి, స్టీరింగు తిప్పుతున్నట్టు చేతులాడిస్తూ "కారు, కారు" అన్నాడు.

మధ్యాహ్నం మీ ఆవిడ ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, సంస్మరణ సభలో ఆయన పుస్తకం గురించి మీరే మాట్లాడాలండీ. మీకంటే దగ్గరివాళ్లెవరున్నారు?"

సరేనన్నాను. నువ్వు బస్సెక్కలేదని అందరి ముందూ చెబుతాను. నన్ను పిలవకుండా వెళ్లావని మాత్రం చెప్పను. నా మీద వాళ్లు జాలిపడితే భరించలేను.