తెలిసిన గొంతు

జూన్ 4
నా రాత కోడిగీతలు. తప్పులు కూడా ఉంటాయి. ఎవరైనా చదివితే ఏమీ అనుకోకండి, ఊరి బడి చదువు. మా ఆవిడకు మందు ఎక్కించిన రోజు ఎలా ఉందో రాసి పెట్టుకోమని సిస్టర్ చెప్పింది.

ఇవాళ సగంలోనే ఆపేశారు. సూది చూస్తేనే ఆమె గుండె దడదడలాడుతుంది. ఇలా ఆపుకుంటూ పోతే క్యాన్సర్ గడ్డ పెరుగుతుందని డాక్టరు అన్నాడు.

జూన్ 11
ధ్యానం నేర్పే మేడం వచ్చింది. మందు మానేది లేదట, దానితోపాటే ఇదీ. మా ఆవిడ కళ్లు మూసుకుని ఊపిరి మీద మనసు పెట్టాలి. పక్కన ఒకరు నెమ్మదిగా లోపలికి, బయటికి అని చెబుతూ ఉండాలి. బాగా తెలిసిన గొంతయితే మంచిదంది. అందరూ నా వైపు చూశారు. వార్డు నిండా జనం. నేను ఆమె తలగడ సర్దసాగాను.

ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీతో కూడా నేనే మాట్లాడుకున్నానమ్మా, ఈయనా చెప్పేది, అంది మా ఆవిడ. అందరూ నవ్వారు. ఆ నవ్వుల చాటున లోపలికి అన్నాను. ఆమె ఊపిరి తీసుకుంది.

మందు మొత్తం ఎక్కింది.

జూలై 2
పక్క మంచాలవాళ్లు కూడా నేను చెబుతుంటే కళ్లు మూసుకుంటున్నారు. సిగ్గేసింది. ఇన్నేళ్ల కాపురంలో మీరింత మాట్లాడటం ఇదే, అదీ రెండే ముక్కలు, అంది మా ఆవిడ.

ఆగస్టు 9
స్కాన్ వచ్చింది. గడ్డ తగ్గలేదు, పెరిగింది. మందు పూర్తిగా ఎక్కింది కదా, ధ్యానం కూడా తప్పలేదు కదా అని డాక్టరుని అడిగాను. ఆయన్ని నేను నోరు తెరిచి అడగడం అదే మొదలు. చేయగలిగిందంతా చేశాం, జబ్బు మొండిది పెద్దాయనా, ఇంటికి తీసుకెళ్లండి అన్నాడు.

ఆగస్టు 10
ఆమెకు చెప్పలేదు. నా మొహం చూసి తెలుసుకుంది.

ఆగస్టు 23
నొప్పి మాత్ర వేస్తాను. అది పనిచేసేదాకా నా గొంతే. కాస్త ఆపితే కళ్లు తెరిచి, ఏం, కూలి గిట్టలేదా అంటుంది.

సెప్టెంబరు 1, పొద్దున
లోపలికి అన్నాను. బయటికి అన్నాను. లోపలికి అన్నాను. అంటూనే ఉన్నాను. మా అమ్మాయి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఇక చాలు నాన్నా అంది.

సెప్టెంబరు 20
సిస్టర్ ఫోన్ చేసింది. వార్డుకు కొత్తగా ఒకావిడ వచ్చిందట. నా అన్నవాళ్లు లేరు. సూదంటే వణుకు. ఒక్కసారి వచ్చి చెబుతారా బాబాయ్ గారూ అంది.

ఏమే, అవి నీ ఒక్కదానికోసం చెప్పిన మాటలు. ఇంకొకరికి చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. రేపే ఆవిడకు మందు. వెళ్లమంటావా, వద్దంటావా? తొందరగా చెప్పు.