కెమెరాకు మడి

కాకినాడ,
జూలై 1987

ప్రియమైన అత్తయ్యకు నమస్కారాలు.

మీ కార్డు అందింది. నా పని ఏమిటని అడిగారు. ఆదోని సేటుగారి పత్తి గిడ్డంగి సముద్రం పక్కనే ఉంది. పత్తి బేళ్లు పోతున్నాయని ఆయన గేటు మీద ఒక కెమెరా పెట్టించాడు. అది చూసేదంతా లోపల టీవీ తెర మీద కనిపించాలి. కానీ ఉప్పుగాలికి అద్దం మీద తెల్లటి పొర పడుతుంది. సాయంత్రం ఆ ఉప్పు తేమ పీల్చుకుంటే, చంద్రుడికి గుడి కట్టినట్టు గేటు దీపం చుట్టూ వెలుగు తప్ప ఇంకేమీ కనిపించదు. బి.యస్సీ. చదివానని ఆ అద్దం బాధ్యత నాకు అప్పగించారు.

నిచ్చెన ఎక్కి తుడిచేది వాచ్‌మన్ యేసేపు. మన ఆదోని దగ్గరి పెద్దకడుబూరు మనిషి. బేళ్ల లారీతో వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మొదట్లో భుజం మీది తువ్వాలుతో తుడిచేవాడు. మసక ఇంకా పెరిగేది.

"తుడిసినా గదా సార్! ఇంగా మసకంటావు. నీ కండ్లద్దాలు మార్సుకోపో" అన్నాడు.

చాలా రోజుల తరువాత నవ్వాను. అప్పుడే మీ దండెం గుర్తొచ్చింది. ఎవరి చెయ్యీ తగలకుండా మీరు మడిబట్టను కర్రతో ఎత్తి ఆరేస్తుంటే, "మేం ముట్టుకుంటే గుడ్డకు జ్వరమొస్తాదా అమ్మా?" అని గిరిజ ఆటపట్టించేది.

మా గుడ్డకు నిజంగానే జ్వరమొస్తుంది. చేతి జిడ్డు గుడ్డకు అంటితే అద్దానికీ అంటుతుంది. అందుకే ఇప్పుడు ముందు మంచినీళ్లు పోసి ఉప్పునూ ఇసుకనూ జారనిచ్చి, తరువాతే గుడ్డ వాడుతున్నాం. ఉతికిన గుడ్డను ఎత్తు దండెం మీద కర్రతో ఆరేస్తాం. యేసేపు సబ్బుతో చేతులు కడుక్కొని తీస్తాడు. మొన్న వేరుశనక్కాయలు తింటూ నేను చెయ్యి చాపితే "సార్, మడి! ముట్టొద్దు! బుడ్డలు తిన్న సెయ్యది!" అని అరిచాడు. ఇప్పుడు తెర మీద గేటు తుప్పు కూడా కనిపిస్తోంది.

మీరడిగిన భోజనం సంగతి మళ్లీ రాస్తాను.

మీ అల్లుడు,
భీమసేన


కాకినాడ,
ఆగస్టు

అత్తయ్యా,

వంట నేనే చేసుకుంటున్నానా అని ఈ కార్డులోనూ అడిగారు. గిరిజ సాంవత్సరికం దగ్గరపడింది. అది మీ ఇంట్లో, నా చేతుల మీదుగా జరగాలి. అబద్ధం చెప్పి మీ వంటింటి గడప దాటలేను.

చేసుకోవడం లేదు. వచ్చిన కొత్తలో ఒక పూట స్టవ్వు వెలిగించాను. ఉడికాక చూస్తే ఇద్దరికి సరిపడా అన్నం ఉంది. మళ్లీ వెలిగించలేదు. అరటిపళ్లతో గడుపుతుంటే జ్వరం వచ్చింది. యేసేపు భార్య సువార్తమ్మ జొన్నరొట్టె, పప్పు తెచ్చి గడప బయటే నిలబడింది.

"మీరు తినరని తెల్సు సార్. వాసనన్నా సూడండి. మన సీమ జొన్నలు."

తిన్నాను. అప్పటి నుంచి రెండు పూటలా వాళ్లింట్లో, వాళ్లతో కూర్చొని తింటున్నాను. మానుకోను కూడా.

నన్ను రావద్దంటే చెప్పండి. ఇక్కడే సముద్రం ఒడ్డున తిలోదకాలు వదులుతాను. అయితే గిరిజ గురించి మాట్లాడుకోవడానికి మీరు తప్ప నాకు ఎవరూ లేరు.

కెమెరా బాగానే ఉంది. గుడ్డ మాత్రం చిరిగింది. నా పాత పంచె చింపి వాడితే అద్దం మీద పోగులు రాలుతున్నాయి.

భీమసేన


కాకినాడ,
సెప్టెంబరు

అత్తయ్యా,

ఇన్నాళ్లూ జవాబు రాకపోతే, ఇక రాదనుకున్నాను. నిన్న మీ మూట అందింది. లోపలి చీటీ యేసేపుకూ సువార్తమ్మకూ చదివి వినిపించాను. మీ మాటలే మళ్లీ రాస్తున్నాను. తప్పుంటే చెప్పండి.

"భీమా, నీ ఉత్తరం చూసి శానా కోపమొచ్చింది. రాయగూడదనుకున్నా. జ్వరంలో నువ్వు పస్తుండింటే నా మడి వచ్చి నీకు గంజి కాస్తుండెనా? సాంవత్సరికానికి రా. ఎప్పట్లాగే స్నానం చేసి వంటింట్లోకి రా. పంచె గుడ్డ అద్దానికి పనికిరాదు. గిరిజ ఎమ్మిగనూరు చీర పంపిస్తాండా. ఉతికి ఉతికి వెన్న మాదిరి అయింది. యేసేపును తప్ప ఎవర్నీ ముట్టనియ్యద్దు. నిన్ను గూడా. నీది చిన్నప్పట్నుంచీ జిడ్డు చెయ్యే."

"పెద్దమ్మ సెప్పె గదా, జరుగు సార్" అని యేసేపు మూట లాక్కున్నాడు. సువార్తమ్మ మాత్రం కొంగుతో కళ్లు తుడుచుకుంది. మీకు జొన్నపిండి పంపుతుందట. ఆదోనిలో జొన్నలు లేవా అంటే వినదు.

పొద్దున నీళ్లు పోసి, ఆ గుడ్డతో అద్దం తుడిచాడు. తెర మీద గేటు కనిపించింది. గేటు అవతల అలలు కూడా కనిపించాయి. సేటుగారి మనిషి వచ్చి చూసి, గిడ్డంగి వెనక ఇంకో కెమెరా పెట్టిస్తామన్నాడు. చీర రెండింటికీ చాలాకాలం వస్తుంది.

సాంవత్సరికానికి ముందురోజే ఆదోనికి వస్తాను. నాకు ఇష్టమని వంకాయ తేకండి, ఆ రోజు గిరిజకు ఇష్టమైనవే చేద్దాం.

ఒకటి మీకు మాత్రమే చెబుతున్నాను. కత్తిరించే ముందు చేతులు కడుక్కొని ఆ చీరను ఒకసారి ముట్టుకున్నాను. యేసేపు చూడలేదు.

మీ
భీమ