ఇంకో వారం కట్టు

అక్కా,

మేమంతా బాగానే ఉన్నామని రాద్దామనే కూర్చున్నాను. పాప ముంజేయి బాగా అతికింది. నిన్న ఎక్స్‌రే చూసి డాక్టరుగారు "ఇక కట్టు విప్పేద్దామమ్మా" అన్నారు. ఇంకో వారం ఉంచుదామని నేనే బతిమాలాను. "పన్నెండేళ్లుగా ఈ గదిలో పిల్లలకి కట్లు కడుతున్నావు. ఎక్కువ రోజులుంచితే చెయ్యి బిగుసుకుపోతుందని నీకు నేను చెప్పాలా?" అని ఆయన నవ్వారు. నేనూ నవ్వేశాను.

చెయ్యి విరిగిన రోజు "మంచం మీంచి పడింది" అని మీ మరిదే చెప్పారు. డాక్టరుగారు నావైపు చూస్తే తలూపాను. ఎక్స్‌రేలో విరిగిన గీత మాత్రం తడిబట్ట పిండినట్టు ఎముక చుట్టూ మెలితిరిగి ఉంది. మంచం మీంచి పడ్డ పిల్లల్ని ఎంతమందిని చూశానో నీకు తెలుసు. ఇంకొకరి పిల్లయితే డాక్టరుగారిని పక్కకి పిలిచి చెప్పేదాన్ని. ఇప్పుడు నోరు విప్పితే, ఆ రోజు ఎందుకు తలూపావని ముందు నన్నే అడుగుతారు.

పాపకి ఇవేం పట్టవు. కట్టు మీద నాచేత పిల్లిబొమ్మ గీయించుకుని వచ్చినవాళ్లందరికీ చూపిస్తోంది.

నువ్వు మీ మరిదికే ఫోన్ చేసి, సెలవులకి పాపని నీ దగ్గరికి పంపమని అడుగు. నేను రాశానని మాత్రం అనకు. బుధవారంలోపే అడుగు. ఆ రోజు కట్టు కోసేది నేనే, ఇక వాయిదా వెయ్యలేను.

కట్టు ఉన్న ఈ ఐదు వారాలూ ఆయన పాప మీద ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదక్కా.

నీ చెల్లి