మూడో వరుసలో చిన్న లైటు

సెప్టెంబర్ 3, బుధవారం

నా పిట్టా, నువ్వు అడిగి అడిగి అలిసిపోయినవన్నీ ఇప్పుడు ఆఫీసులో మొదలయ్యాయి. పేపర్ కప్పులు బంద్. ఎవరి గిలాస వాళ్లే తెచ్చుకోవాలి. ఏసీ మరీ తగ్గించొద్దు. మనిషి లేని చోట లైటు వెలగొద్దు. అప్పుడు నీ మాటకు నవ్విన నవీన్‌కుమార్ సారే మీటింగ్ పెట్టి చెప్పాడు. ఆర్డర్లిచ్చే బయటి దేశం కంపెనీ అడిగిందట. గ్రీన్ ఆఫీసు కాకపోతే ఆర్డర్ ఇవ్వరట.

సాయంత్రం ఊడ్చేది నేనే కాబట్టి స్విచ్‌లన్నీ ఆర్పే పని కూడా నాకే ఇచ్చారు. అన్నీ ఆర్పుతూ వచ్చాను. నీ టేబుల్ దగ్గర చెయ్యి ఆగింది.

సెప్టెంబర్ 4

నీ కంప్యూటర్ తెర కింద పసుపు లైటు వెలిగి ఆరుతోంది, ఊపిరి పీల్చి వదిలినట్టు.

ఇంట్లో నేను టీవీని రిమోట్‌తో ఆపితే ఊరుకునేదానివి కాదు. బోర్డు దగ్గర ఆపు అమ్మా, గా చిన్న లైటు గూడ కరెంటు తింటది అని లేచి వచ్చేదానివి. అలాంటిదానివి ఆ రోజు జరంతో వణుకుతూ ఇంటికని లక్డారం ఆటో ఎక్కావు. కంప్యూటర్ ఆపడం మరిచిపోయావు. డెంగీ అన్నారు, దవాఖానలో చేర్చాం. మళ్లీ ఆఫీసుకు రాలేదు, ఇంటికీ రాలేదు.

నువ్వు వేసినవాటిలో ఇంకా నడుస్తున్నది అదొక్కటే. ఎట్లా ఆర్పను?

సెప్టెంబర్ 9

వరుసకొక మీటరు పెట్టారు. గోడ మీద టీవీలో చూపిస్తున్నారు. రాత్రి కరెంటు కాలకపోతే ఆకుపచ్చ, కాలితే ఎరుపు. మీ మూడో వరుస ఎరుపు. రాత్రి దయ్యాలొచ్చి ఎక్సెల్ కొడుతున్నయా ఏంది అని మొదటి వరుసలో కూర్చునే అతను అందరినీ నవ్వించాడు. నీ పక్క సీటు ఫర్హీన్ తలెత్తి అతని వైపు చూసింది. నవ్వు ఆగిపోయింది.

సెప్టెంబర్ 12

మళ్లీ ఎరుపు. ఈ రోజూ నీ టేబుల్ వదిలేసి మిగతావే ఆర్పాను.

సెప్టెంబర్ 16

సారు వాచ్‌మన్ శ్రీశైలాన్ని పిలిచాడు. రాత్రి నువ్వే ఆడ కూసోని ఫోన్ చార్జింగ్ పెట్టి సినిమాలు చూస్తున్నవ్, ఇంకోసారి ఎరుపొస్తే ఏజెన్సీకి చెప్పి మార్పిస్త అన్నాడట.

శ్రీశైలం నా దగ్గరికి వచ్చి, బీరమ్మక్కా, నాది డబ్బా ఫోన్, దాంట్ల సినిమా యాడికెల్లొస్తది అని నవ్వాడు. అతని పిల్లలు చిన్నవాళ్లు. కడిగిన గిలాసలే మళ్లీ కడిగాను.

సెప్టెంబర్ 17

ఫర్హీన్ సింకు దగ్గరికి వచ్చి నిలబడింది. నీ లైటు సంగతి తనకు మొదటి నుంచీ తెలుసట. ఆర్పనీకి నాకు గూడ చేతులు రాలేదు ఆంటీ అంది.

ఆర్పితే మా పిల్ల రాసిందంతా పోతదా బిడ్డా అని అడిగాను. ఇన్ని రోజులూ నా భయం అదే. ఏం పోదు ఆంటీ, అంత సర్వర్ల ఉంటది, నిషిత చేసిన బిల్లుల ఫార్మాటే ఇప్పటికీ వాడుతున్నం అంది. ఆర్పు అనలేదు. నేను ఆర్పనా అని కూడా అనలేదు. గిలాసలు తుడిచి పెట్టి పోయింది.

సెప్టెంబర్ 19, సాయంత్రం

సారు దగ్గరికి పోయి చెప్పాను. శ్రీశైలం కాదు సార్, నేనే, నా బిడ్డ వేసి పోయిన కంప్యూటర్ ఆర్పలేదు అన్నాను. సారు కళ్లద్దాలు తీశాడు. చాలాసేపు తుడిచాడు. ఉండనీ బీరమ్మా, మూడో వరుసను లెక్కలకెల్లి తీసేస్త, ఎవరికీ తెల్వది అన్నాడు.

ఒక్క నిమిషం ఆశ పుట్టింది. నిజమే రాస్తున్నాను.

వద్దు సార్, మా పిల్ల ఒప్పుకోదు అన్నాను.

ఫర్హీన్ వచ్చి కంప్యూటర్ మూసింది. బోర్డు దగ్గర స్విచ్ నాకు వదిలేసింది. పసుపు లైటు ఇంకొక్కసారి వెలిగేదాకా ఆగాను. తర్వాత నొక్కాను.

సెప్టెంబర్ 20

మూడో వరుస ఆకుపచ్చ.

సెప్టెంబర్ 21, పెత్రమాస

ఇంట్లో టీవీ, చార్జరు, అన్నీ బోర్డు దగ్గర ఆర్పాను. పోయినవాళ్లకు పెట్టే రోజు, నీకిది మొదటి పెత్రమాస. గారెలు, పచ్చిపులుసు చేసి గోడ మీద విస్తరి పెట్టాను. కాకి ఇంకా రాలేదు. తొందరేం లేదు.

జెర కడుపునిండ తిను బిడ్డా.