కుడివైపు నడిచినవాడు

శిక్షణ మైదానం
జూన్ 11, బుధవారం

మిత్రుడు గడియారానికి,

కొంగ రాస్తున్నాడు. ఈ ముద్దుపేర్లతో పిలుచుకుని ఎన్నాళ్ళయిందో! నువ్వూ, చెల్లెమ్మా, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. తొమ్మిదేళ్ళు మొహం చాటేసినవాడు ఇప్పుడు క్షేమం అడగడమేంటి అనుకుంటావు. అనుకో. చివరిదాకా మాత్రం చదువు.

పోయిన నెల, మనకు కవాతు నేర్పిన ఉస్తాద్ గారు రిటైరయ్యారు. అమరవీరుల స్తూపం దగ్గర కాపలా మారేవాళ్ళకు ఆ నిటారు అడుగు నేర్పే పని నా నెత్తిన పడింది. నిన్న ఒక కొత్త పిల్ల, తాపీమేస్త్రీ కూతురు, అడిగేసింది: మోకాలు వంచకుండా కాలు నడుమెత్తు లేపి నడవడం ఎందుకండీ, దేవుడు మోకాళ్ళిచ్చింది వంచడానికే కదా అని. వరసంతా కిసుక్కుమంది. నాకూ నవ్వొచ్చింది, మీసం చాటున దాచుకున్నాను.

ఉస్తాద్ మనకు చెప్పిందే చెప్పాను. పాతకాలం తుపాకులకు గురి తక్కువ. అందుకని వందలమంది భుజాలు రాసుకుంటూ ఒకే వరసలో శత్రువు మీదికి నడిచి, ఒక్కసారే కాల్చాలి. భయంతో ఒకడు ఉరికినా, ఒకడు వెనక్కి తగ్గినా వరస తెగేది, తెగితే అందరి ప్రాణాల మీదికీ వచ్చేది. అలా డ్రమ్ము దెబ్బకు కొలిచిన అడుగు పుట్టింది. తుపాకులు మారాయి, సైనికులు నేలమీద పాకడం నేర్చారు. అడుగు మాత్రం పోయినవాళ్ళ గౌరవానికి మిగిలింది. కొన్నిచోట్ల ఏలినవాళ్ళు జనాన్ని బెదిరించడానికీ దీన్ని వాడుకున్నారు. ఆ మచ్చ కూడా దాచకుండా చెప్పాను.

ఆ పిల్ల అంతటితో ఊరుకుంటేనా! మరి ఇప్పుడు దీని అర్థమేంటంది. పక్కవాణ్ణి వదిలిపెట్టనని మాటివ్వడం అన్నాను. అలా నడిచినవాణ్ణి చూశారా అంది. ఇక నీ గురించి చెప్పకుండా ఎలా ఉంటాను?

బూటులో మేకు లేచి మడమలో దిగినా నువ్వు నలభై నిమిషాలు నడిచిన రోజు చెప్పాను. గదికొచ్చి బూటు విప్పితే మేజోడు నెత్తురుతో అంటుకుపోయింది. నువ్వేమో బూట్లు కుట్టే పెద్దాయన్ని ఏమీ అనకండి, ఆయనకు చూపు ఆనడం లేదు అన్నావు. జతలో కుడివైపువాడే అడుగుకు బాధ్యుడనీ, ఆరేళ్ళు నీ ఎడమన నడిచాననీ, నీ బూటు చప్పుడు వింటే నా కాలు దానంతటదే లేచేదనీ చెప్పాను.

వర్షం రోజు సంగతీ చెప్పాల్సొచ్చింది. డ్రమ్ముకు అర దెబ్బ వెనక మన బూట్లు పడటం, జనం పసిగట్టకపోయినా ఉస్తాద్ చెవి పట్టేయడం, తప్పిందెవడని ఆయన అడిగితే నేనేనని నువ్వు ముందుకు రావడం, మర్నాటినుంచి నిన్ను వరసలోంచి తీసేసి గోదాంలో దుప్పట్లు మడతపెట్టే పనికి పంపడం. అక్కడితో క్లాసు ముగించేశాను. ఆ పిల్ల ముఖంలోకి చూడలేకపోయాను.

వీలుచూసుకుని ఒకసారి మైదానానికి రారా. వీళ్ళకు నీ అడుగు చూపించాలి. మోకాళ్ళు అరిగాయంటావేమో, నావి మాత్రం కొత్తవా?

ఇట్లు,
కొంగ

తా.క. పైదంతా రాసి మడిచాక పోస్టు చేయబుద్ధి కాలేదు. ఆ రోజు దెబ్బ తప్పింది నేను. తడి రాతిమీద కాలు జారి వెనకబడ్డాను. నువ్వు నీ అడుగు మీదే ఉంటే నా తప్పు జనమంతా చూసేవాళ్ళు. గాల్లో ఉన్న కాలు ఆపి, నువ్వే నా అడుగులోకి వచ్చేశావు. ఉస్తాద్ అడిగినప్పుడు నాకు నోరు పెగల్లేదు. ఆ తర్వాత నీకు ఎదురుపడే ముఖం లేకపోయింది. ఇందాక ఆయన ఇంటికి వెళ్ళి అంతా చెప్పేశాను. రేపు పిల్లలకూ చెబుతాను. ఆయన వెంటనే నీ ఇల్లెక్కడో అడిగి, చొక్కా మార్చుకోవడానికి లోపలికెళ్ళారు. ఈ ఉత్తరం నీ చేతికిచ్చింది ఆయనే. నేను మీ గేటు బయట నిలబడి ఉన్నాను.