ఎర్రగొడుగు అవ్వ గది

జూన్ 4

డాక్టరు నాకు బీపీ అన్నాడు. కోపం వస్తే అరవకుండా కాగితం మీద పెట్టమన్నాడు. నా సంగతి తెలియక అన్నాడు, ఊళ్ళో కాగితాలు చాలవు. తొమ్మిదో క్లాసు రెండుసార్లు తప్పినదాన్ని. నా రాత నాకే సరిగ్గా అర్థం కాదు. ఒకందుకు మంచిదే.

మొదటి కోపం చరిత్ర మిత్రుల మీద.

మా వీధి మొదట్లో పాత ఇటుక గేటు ఉంది. దాని పక్కన ఒకప్పుడు కావలివాళ్ళు పడుకున్న గది. అందులోనే నా కొట్టు. గొడుగులు, బ్యాగులు, జిప్పులు బాగుచేస్తాను. మావయ్య పెట్టిన కొట్టు అది. ఆయన కొడుకు, అంటే మా ఆయన, బస్సు డిపోలో ఫైళ్ళు మోసే ఉద్యోగం రాగానే గొడుగు మొహం చూడ్డం మానేశాడు. అందుకని మావయ్య నాకు నేర్పాడు. ఆయన పోయాక కొట్టు నాది.

చరిత్ర మిత్రులంటే ఈ మధ్య పుట్టిన గుంపు. ఎక్కువమంది రిటైరైనవాళ్ళు. జీతం లేదు, ఎవరూ పిలవనూ లేదు. ఆదివారాలు గోడలు తడుముతూ తిరుగుతారు. ప్రెసిడెంటు పాత బ్యాంకు మేనేజరు, ఎండ ఉన్నా లేకపోయినా టోపీ తియ్యడు. ఇక్కడ ఆయన పేరు టోపీ. సెక్రటరీ కాలేజీలో హిస్టరీ చెప్పే మేడమ్, కాగితాలు బిగించిన అట్ట చంకలోంచి దించదు. ఆవిడ పేరు అట్ట.

ఇవాళ ఇద్దరూ వచ్చి గదిని, గొడుగుల్ని, నన్ను ఒకే చూపు చూశారు. గేటు అందానికి నా కొట్టు అడ్డమట. ఖాళీ చేయించమని వార్డు ఆఫీసుకి చెబుతారట, వాళ్ళ మాట అక్కడ బాగా చెల్లుతుందట. ముందుగా చెప్పడం మర్యాద కదమ్మా అన్నాడు టోపీ. మర్యాదగానే విన్నాను. వాళ్ళు వెళ్ళాక చూసుకుంటే చేతిలో గొడుగు ఊచ వంకీ తిరిగిపోయి ఉంది.

జూన్ 5

అత్తకి చెప్పాను. నువ్వు నోరు పారేసుకుని ఉంటావు, అందుకే పొమ్మన్నారంది. నేను నోరే విప్పలేదత్తయ్యా అన్నాను. అయితే అదే నువ్వు చేసిన తప్పంది.

మా ఆయన ఇద్దరూ చెప్పింది కరెక్టే అన్నాడు. ఆయన ఎప్పుడూ అంతే.

జూన్ 9, మధ్యాహ్నం

గేటు ఎదురుగా టీ కొట్టు తాత ఉన్నాడు. చరిత్ర మిత్రులు ఆయన మాటలు కూడా రికార్డు చేశారట. వాళ్ళ పద్ధతేమిటో ఇవాళ విడమరిచి చెప్పాడు. డెబ్బై దాటిన ముగ్గురు, విడివిడిగా, ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే సంగతి చెబితే అది చరిత్ర. బోర్డు రాయించి గోడకి కొట్టేస్తారు. రుజువులు, పత్రాలు అక్కర్లేదు. పత్రాలన్నీ డబ్బున్నవాళ్ళు రాయించుకున్నవనీ, నిజం జనం నోట్లో ఉంటుందనీ అట్ట సిద్ధాంతం.

ఒకరికి తెలియకుండా ఒకరట. ఈ వీధిలో. ఇక్కడ ఒకరింట్లో దగ్గితే పక్కింట్లో మందు పేరు చెబుతారు.

టీ ముక్కులోకి పోయేదాకా నవ్వాను. తర్వాత నవ్వడం ఆపి ఆలోచించాను.

జూన్ 10

ట్రాలీ బ్యాగుకి కొత్త జిప్పు వేస్తూ కథ అల్లాను.

ఎప్పుడో పెద్ద వరద వచ్చింది. ఇదొక్కటీ నిజం. గేటు మీద నీటి గీత ఉంది, చరిత్ర మిత్రులు దాన్ని చాక్‌పీసుతో దిద్ది మరీ చూపిస్తారు. మిగతాది నాది. ఆ రోజు ఈ గదిలో గొడుగులు కుట్టే అవ్వ ఒకావిడ ఉంది. అందరూ దారి తెలియక కొట్టుకుపోతుంటే ఆవిడ గేటు పైకెక్కి ఎర్రగొడుగు పట్టుకుని నిలబడింది. గొడుగు ఎటు వంచితే అటు నీళ్ళు లోతు తక్కువ. జనం అటు నడిచి బతికారు. ఆ అవ్వ మావయ్యకి ముత్తవ్వ. కాబట్టి ఈ గది మాది, ఇందులో గొడుగుల పనే జరగాలి.

ఎరుపే ఎందుకంటే అప్పుడు ఎదురుగా వేలాడుతున్న గొడుగు ఎరుపు.

జూన్ 12

ఈ కథ చరిత్ర మిత్రులకి చెప్పడానికి తాత వెంటనే ఒప్పుకున్నాడు. చరిత్ర మిత్రులు ఒక టీ చెప్పి నలుగురు పంచుకుంటారని ఆయన మంట. మా వీధిలో ఉండే రిటైర్డ్ కండక్టరు కూడా సరే అన్నాడు. ఎదురుగా మనిషి కూర్చుని వింటానంటే ఆయన ఏమైనా చెబుతాడు.

అత్త మాత్రం భీష్మించుకుంది. ఈ వయసులో నాచేత అబద్ధాలు ఆడిస్తావా అంది. వంటగదిలోకి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. ఇంతకీ ఆవిడ నాకేమవుతుందంది. మావయ్యకి ముత్తవ్వ అయితే మీకు అత్తగారి వరసే కదా అన్నాను. పీట లాక్కుని కూర్చుంది. అయితే మనిషి మంచిదే గానీ కాస్త నోటిదురుసు అయ్యుంటుందిలే అంది.

జూన్ 16

రికార్డింగు మా ఇంట్లోనే. అట్ట ఫోను బల్ల మీద పెట్టి, మీకు గుర్తున్నదే చెప్పండి పెద్దమ్మా అంది. నేను తువ్వాలు నోట్లో కుక్కుకుని వంటగదిలో నిలబడ్డాను.

నేను నేర్పిందంతా అత్త చెప్పింది. ఆగలేదు. గాలికి ఊచలు విరిగితే అవ్వ తన చెయ్యే ఊచలా పెట్టి బట్ట పట్టుకుందట. ఆ చెయ్యి మళ్ళీ కిందికి దిగలేదట. అట్ట కళ్ళు తుడుచుకుంది. అవ్వ అంత కష్టపడి వచ్చి కాస్త కాళ్ళు పట్టమంటే కోడలు విసుక్కునేదట. విసుక్కుంటూనే పట్టేదట, అదీ గోళ్ళతో.

ఇది నేను నేర్పలేదు.

జూన్ 23

కొట్టు దక్కింది. ముగ్గురి మాటా కలిసిందని ఊరంతా చెప్పుకుంటున్నారు. టోపీ స్వయంగా వచ్చి గదిని ఖాళీ చేయించమని అడిగిన మాట వెనక్కి తీసుకున్నామన్నాడు. మీ ఇంట్లో ఇంత చరిత్ర పెట్టుకుని ఏమీ తెలియనట్టు కూర్చున్నారే అన్నాడు. మాకు చెప్పుకోవడం అలవాటు లేదండీ అన్నాను. ఈ మాట అన్నప్పుడు నా మొహం ఫోటో తీసి ఉండాల్సింది.

తాతకీ కండక్టరుకీ టీలు నేనే చెప్పాను. తలా ఒకటి, పంచుకోకుండా.

జూన్ 30

బోర్డు పెట్టారు. ఎర్రగొడుగు అవ్వ గది. చరిత్ర మిత్రులంతా ఇప్పుడు ఎర్రగొడుగు బొమ్మ ఉన్న టోపీలు పెట్టుకుంటున్నారు. తాత కొట్టుకి కూడా ఒక చిన్న బోర్డు దొరికింది, వరదలో జనం తలదాచుకున్న చోటట. కథలో ఆ కొట్టే లేదు. తాత ఇప్పుడు చరిత్ర మిత్రులు పంచుకుని తాగినా ఏమనడం లేదు.

కండక్టరు అవ్వని కళ్ళారా చూశానని చెబుతున్నాడు. అప్పటికి ఆయన నాన్న కూడా పుట్టి ఉండడు. ఎవరూ లెక్క వెయ్యలేదు.

జూలై 3

మధ్యాహ్నం అయితే చాలు, కాలేజీ ఆడపిల్లలు అత్త చుట్టూ చేరుతున్నారు. అత్త కొత్త కళ్ళజోడు కొనిపించుకుంది. అవ్వకి ఇప్పుడు పుట్టుమచ్చ ఉంది, ఎడమ చెవి కింద. నేను చెంబు తీసుకుని అటు వెళితే, అవ్వ ఎప్పుడూ చెంబు ఇలా చప్పుడు చేస్తూ పెట్టేది కాదు అంటుంది. పిల్లలు నావైపు చూస్తారు.

జూలై 13

వడ్రంగిని వెంటబెట్టుకుని వచ్చారు. గది కొలిపించారు.

గదిని అవ్వ కాలంలో ఉన్నట్టు చెయ్యాలట. అవ్వ కాలంలో నైలాన్ గొడుగుల్లేవు, ట్రాలీ బ్యాగుల్లేవు, నా ట్యూబులైటు లేదు. నేనూ లేను. గుమ్మానికి అద్దం తలుపు పెట్టి తాళం వేస్తారట, ఆదివారాలు తీస్తారట. వార్డు ఆఫీసు సరే అన్నదట. నెలాఖరుకి సామాన్లు తియ్యాలి. మీ గదిని మీకోసమే కాపాడుతున్నామమ్మా అన్నాడు టోపీ.

వానాకాలం ఇది. నేను ఏడాదంతా తినేది ఈ మూడు నెలల్లోనే సంపాదించుకుంటాను. ఆ మాటే చెప్పాను. అట్ట చాలా సానుభూతిగా తలూపింది. ఆవిడ తలూపితే నాకు వెన్నులో మండుతుంది.

జూలై 15

లైబ్రరీ హాల్లో వాళ్ళ మీటింగు. వెళ్ళాను. లేచి నిలబడి చెప్పేశాను. అవ్వా లేదు, గొడుగూ లేదు, మీరు నన్ను గెంటేస్తామంటే మీ రూలుతోనే మిమ్మల్ని వెర్రివాళ్ళని చేశాను, ఇక చాలు, బోర్డు పీకండి అన్నాను.

తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. జాలిగా చూశారు. అట్ట లేచి, ఇది మామూలే, ఇంత పెద్ద మనిషి వారసులమంటే ఆ బరువు ఒక్కోసారి మొయ్యలేరు, కాదనేస్తారు, పుస్తకాల్లో దీనికి పేరు కూడా ఉందంది. టోపీ మాత్రం రూలు రూలే అన్నాడు. ఎక్కించడానికి ముగ్గురు కావాలంటే దించడానికీ ముగ్గురు కావాలి. ఆ ముగ్గురూ ఇక్కడే ఉన్నారు, అడుగుదామన్నాడు.

తాత ఫ్యాను వంక చూశాడు. విన్నదే చెప్పాను, ఎవరు చెప్పారో గుర్తులేదన్నాడు. కండక్టరు ఏడ్చాడు. కళ్ళారా చూసినదాన్ని కాదనమంటే ఎలా అమ్మా అన్నాడు. నిజంగానే ఏడ్చాడు, అదీ నా ఖర్మ.

అత్త ముందు వరసలో కుర్చీలో ఉంది. ఎంతైనా ఒక ఇంటి కూడు తింటున్నాం, ఈవిడైనా చెబుతుందనుకున్నాను. మెల్లిగా లేచింది. కుర్చీ పట్టుకుంది. ఏం చెప్పను బాబూ, మా కోడలికి ఆవిడంటే మొదట్నించీ పడదు అంది.

హాలంతా నవ్వింది. వెక్కిరింపు కాదు, ముద్దుగా నవ్వారు. అంత ముద్దుగా నవ్వేవాళ్ళలో ఎవరిని కొట్టాలో తెలియదు.

జూలై 15, సాయంత్రం

ఇంటికొచ్చాక పోట్లాడుకున్నాం. మా ఆయన నీళ్ళు పడతానని బిందె పట్టుకుని బయటికి పోయాడు. బిందె నిండుగానే ఉంది.

ఆవిడ లేదత్తయ్యా, నా నోట్లోంచి పుట్టింది అన్నాను. పుట్టింది కదా, మరి చంపుతానంటావెందుకు అంది. కొట్టు పోతోంది, తెలుస్తోందా అన్నాను. తెలుస్తోందంది. తెలిసే అలా అన్నారా అని అరిచాను. బీపీ సంగతి దేవుడెరుగు.

అప్పుడు నెమ్మదిగా అంది. నీ దగ్గరికొచ్చేవాళ్ళు గొడుగు ఇచ్చేసి పోతారే, నా దగ్గరికొచ్చేవాళ్ళు కూర్చుంటారు అంది. మీ మావయ్య ఉన్నన్నాళ్ళూ నన్ను అన్నం అయిందా అని తప్ప ఇంకో ప్రశ్న అడిగిన మనిషి లేడంది.

జాలి వేస్తుందేమోనని లేచి గిన్నెలు తోమాను. వీధి చివరికి వినపడేలా తోమాను.

జూలై 20

తెల్లవారగానే వెళ్ళి గేటు మీద వరద గీతకి వాళ్ళు దిద్దిన చాక్‌పీసు చెరిపేసి, నిచ్చెన ఎక్కి, బాగా పైన కొత్తది గీశాను. గేటు మునిగేంత ఎత్తు, పైకెక్కిన అవ్వ కూడా మునిగిపోవాలి. పది గంటలకి టోపీ ఆ ఎత్తుని కూడా జనానికి వివరించాడు.

జూలై 27

సామాన్లు ఇంటి వరండాలోకి చేరాయి. వాన దంచుతోంది. ఒక్క గొడుగు రాలేదు. గేటు దగ్గర అద్దం తలుపు చూసి కొట్టు ఎత్తేశారనుకుంటున్నారు, సందులోపలి దాకా ఎవరు వస్తారు. కొత్తవి కొనుక్కుంటున్నారు. తాత దగ్గర ఒక బోర్డు పెట్టుకుంటానన్నాను, నేను ఫలానా ఇంట్లో ఉన్నానని. బోర్డులు చరిత్ర మిత్రుల్ని అడిగి పెట్టాలమ్మా అన్నాడు తాత.

అత్త వరండాలో కూర్చుని నన్ను చూస్తూ అవ్వ ఊచ ఎలా దూర్చేదో చెప్పింది. ఆవిడ చెప్పింది తప్పు. అలా దూరిస్తే బట్ట చిరుగుతుంది.

జూలై 30

అట్ట వచ్చింది. ఖాళీ గది జనానికి నచ్చడం లేదట. ఆదివారాలు ఎవరైనా అవ్వలా కూర్చుంటే జీవం వస్తుందట. పాత బట్టలు, చెక్క పిడి గొడుగు వాళ్ళే ఇస్తారట. ఊరికే పని చేస్తున్నట్టు ఉంటే చాలట. ఎంతైనా వారసులు, ఆ పని మీ చేతుల్లోనే ఉంది కదండీ అంది.

నాకొచ్చిన తిట్లన్నీ తిట్టాను. కొన్ని మావయ్య దగ్గర నేర్చుకున్నవి, చాలాకాలంగా వాడలేదు. అట్ట ఓపిగ్గా విని, ఇవి అవ్వ వాడిన మాటలేనా అని అడిగి రాసుకుంది.

ఆగస్టు 1

ఒప్పుకున్నాను. వరండాలో వెలుతురు చాలదు, సూదిలోకి దారం ఎక్కడం లేదు. అద్దం తలుపు గదిలో వెలుతురైనా ఉంటుంది.

ఆగస్టు 3, ఆదివారం

కూర్చున్నాను. వాన. చూడ్డానికొచ్చిన ఒకావిడ గొడుగు గుమ్మం దగ్గరే విరిగింది. చెయ్యి ఊరుకోదుగా, లాక్కుని ఊచ సరిచేసి ఇచ్చాను. చప్పట్లు కొట్టారు. గొడుగు వెనక్కి తీసుకుని, ఊచ మళ్ళీ విరిచి ఇచ్చాను. దానికీ కొట్టారు.