రెండో దీపకన్య

పారిస్, 1786 జనవరి 9

మొదటి దీపకన్య పూర్తయింది. భుజాన దివిటీ, ఒంటి మీద కుచ్చిళ్లు పడ్డ పలచని బట్ట, ముఖంలో నవ్వు. కంచుబొమ్మకేం, నవ్వుతుంది. బంగారుపూత మా ఆయన మెదార్ వేశాడు. ఎర్రరాయితో రుద్ది మెరుపు తెచ్చింది నేను. నా రెక్కలు పడిపోయాయి.

దీని జోడీ ఇంకా ఉత్త కంచుగానే ఉంది.

జనవరి 11

మెదార్ చెయ్యి వణుకుతోంది. పొద్దున సూప్ చెంచా నోటిదాకా వెళ్లలేదు. చలికి లేవే అన్నాడు. మరి నాకెందుకు వణకదు?

బంగారాన్ని పాదరసంలో కలిపి, బొమ్మకు పూసి, నిప్పుల మీద కాస్తే పాదరసం పొగైపోతుంది, బంగారం మిగులుతుంది. ఆ పొగ ఎవరి ఒంట్లోకి పోతుందో అందరికీ తెలుసు. అందుకే పూతపనివాళ్లు నోట్లో బంగారు నాణెం పెట్టుకుంటారు. విషాన్ని అది లాక్కుంటుందట. సాయంత్రానికి నాణెం తెల్లగా పాలిపోతుంది. చూశావటే ఎంత లాగిందో, అని మురిసిపోతాడు మెదార్. మళ్లీ కాల్చి పచ్చగా చేసుకుంటాడు.

జనవరి 12

యజమాని గోబాన్ వచ్చాడు. ఏమయ్యా మెదార్, రెండోదెప్పుడు, జోడీ అంటే కవలల్లా ఉండాలి, రంగులో వెంట్రుకవాసి తేడా వచ్చినా వీటిని చేయించుకుంటున్న డచెస్ గారు నా మొహాన కొడతారు, అన్నాడు. మెదార్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

చెయ్యి వణికేవాడికి ఈ వీధిలో పని లేదు. ఎదురింటి బాసిల్ ఇప్పుడు చర్చి మెట్ల మీద అడుక్కుంటున్నాడు. నాకు భయంగా ఉంది.

జనవరి 14

నేను పూస్తానన్నాను. మండిపడ్డాడు. నిప్పుల ముందు నీకేం పని, నోరు మూసుకుని నీ రాయి నువ్వు రుద్దుకో, అన్నాడు. నోరు మూసుకునే పూస్తాను, ఆ నాణెం ఇలా తే, అన్నాను. చాలాసేపు ఇవ్వలేదు. చివరికి ఇచ్చేటప్పుడు చెయ్యి వణికి నాణెం కింద పడింది.

తలుపు గడియ పెట్టి మొదలుపెట్టాను. ఆయన పక్కన కూర్చుని, అక్కడ పలచన, ఇక్కడ మంట తగ్గించు, అని చెబుతూనే ఉన్నాడు.

జనవరి 17

నోరంతా ఇనుము రుచి.

జనవరి 19

పూత బ్రహ్మాండంగా పట్టింది. చిగుళ్ల నుంచి నెత్తురొస్తోంది. మెదార్ నాణెం తీసుకుని కిటికీ దగ్గర చూశాడు. తెల్లగా పాలిపోయింది. అంతా లాగేసింది, మంచిదేగా, అని ఆయన మాటే ఆయనకు అప్పజెప్పాను.

ఇది నిజంగా లాగేదైతే నా చేతులు ఇలా ఎందుకయ్యాయే, అన్నాడు.

జనవరి 23

బొమ్మలు అప్పగించాం. గోబాన్ రెండింటినీ పక్కపక్కన పెట్టించి, రెండోదే బాగుందన్నాడు. నీ చేతికి వయసు రాలేదయ్యా మెదార్, వసంతం లోపల ఇలాంటివే మరిన్ని జతలు కావాలి, అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

వెలుగులో చూడండి అంటూ మెదార్ రెండోదాన్ని ఎత్తి కిటికీ దాకా తీసుకెళ్లాడు. అక్కడ రాతినేల మీద పడిపోయింది. దివిటీ పట్టిన చెయ్యి అతుకు దగ్గర విరిగింది. మెదార్ తన చేతులు రెండూ గోబాన్ ముందు చాచాడు. అవి గడగడ వణుకుతున్నాయి. ఓహో, ఇదా సంగతి, అన్నాడు గోబాన్. మొగుడూపెళ్లాలు ఇద్దరూ ఇక రావద్దన్నాడు.

దారిపొడుగునా తిట్టాను. చేతకానివాడా, నిన్నెవరు ఎత్తమన్నారు, నా కష్టమంతా నేలపాలు చేశావు, బాసిల్ పక్కన చోటు చూసుకుందాం పద, అన్నాను.

జనవరి 24

రొట్టె అయిపోయింది. నాణెం అమ్ముదామంటే వంతెన మీంచి నదిలో పారేశానన్నాడు. ఇక నీ నోట్లోకి రాదు, అన్నాడు.

జనవరి 25

దీపకన్యను ఎత్తి కిటికీ దాకా నడిచినప్పుడు ఆయన చేతులు వణకలేదు.